ఇటు దిగి, అటు ఎక్కి

మా అమ్మకు ఏ స్టేషన్ పేరు చెప్పినా ముందు మెట్ల లెక్క చెబుతుంది. "అదా, నలభై నాలుగు మెట్లది" అంటుంది. "ఆడ మెట్లు కురచగుంటయి, నయమే" అంటుంది. రెండు మోకాళ్ళూ అరిగి పదేళ్ళు దాటింది. ఆపరేషన్ మాటెత్తితే దండం పెట్టి పక్కకు జరుగుతుంది. తిరగడం మాత్రం మానలేదు. మంచిర్యాలలో మా అక్క, మానుకోటలో (మహబూబాబాద్) పెద్దమ్మ కొడుకు, హైదరాబాద్‌లో తమ్ముడు, హనుమకొండలో నేను. పండగకో పబ్బానికో ఒకరింటి నుంచి ఒకరింటికి పోతూనే ఉంటుంది.

రెండేళ్ళ కింద ఆమెను తీసుకుని తిరుపతి పోయి వస్తూ, అక్క దగ్గర దింపడానికి ఒక పెద్ద జంక్షన్‌లో బండి మారాల్సి వచ్చింది. ఆ ఊరి పేరు రాయను. అట్లాంటి స్టేషన్లు దేశంలో ఎన్నో ఉన్నాయి, ఒక్కదాన్ని ఆడిపోసుకోవడం దేనికి. మేం దిగి సంచులు సర్దుకునేలోపే మైకులో చెప్పారు, మేం ఎక్కాల్సిన బండి వేరే ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని. చేతిలో పన్నెండు నిమిషాలున్నాయి. ఆ ప్లాట్‌ఫారం మాకు ఎదురుగానే ఉంది. మధ్యలో రెండు జతల పట్టాలు, అంతే. అవతల బెంచీ మీద ఒక పెద్దాయన పల్లీలు ఒలుచుకుంటుంటే పొట్టు కింద రాలడం కూడా కనిపిస్తోంది. ఆయన దగ్గరికి చేరాలంటే మేం ప్లాట్‌ఫారం చివరిదాకా నడవాలి, మెట్లెక్కాలి, వంతెన దాటాలి, మెట్లు దిగాలి, మళ్ళీ మా బోగీ నంబరు వెతుక్కుంటూ అంత దూరం వెనక్కి రావాలి. లిఫ్ట్ లేదని అనను, ఉంది. దాని ముందు రెండు వీల్‌చైర్లు, ఒక ఎయిర్ కూలర్, ఆ కూలర్‌ను పట్టుకుని నలుగురు మనుషులు ఉన్నారు. ఎస్కలేటర్ అంటే అమ్మకు భయం, చీర కొంగు అందులో పడుతుందని.

పదిహేనో మెట్టు దగ్గర ఆగి, రెయిలింగ్ పట్టుకుని, కిందున్న పట్టాలను చూస్తూ అడిగింది.

"గింత దూరం పోనీకి గంత ఎత్తు ఎందుకెక్కాలెరా?"

కాలేజీ పిల్లలిద్దరు ఆమెను చెరో చేయీ పట్టుకుని నడిపించారు, ఇంకొకతను మా సంచులు అందుకున్నాడు. బండి దొరికింది. బెర్త్ మీద కూర్చున్నాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. నాకు యాభై మూడేళ్ళు. పుట్టి పెరిగింది కాజీపేట రైల్వే క్వార్టర్లలో. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టని ప్రశ్న అది.

రైల్వేలో పనిచేసే స్నేహితుణ్ణి అడిగితే ఆ తిప్పలు లేకుండా కట్టే పద్ధతి ఒకటి ఉందన్నాడు, క్రాస్ ప్లాట్‌ఫారం ఇంటర్‌చేంజ్ అంటారట. పేరు పెద్దది, పని చిన్నది. ఒకే ప్లాట్‌ఫారం, దానికి ఎడమ పక్కన ఒక బండి, కుడి పక్కన ఇంకో బండి. ఇటు దిగి, పదిహేను అడుగులు నడిచి, అటు ఎక్కుతాం. లండన్‌లో 1968లో విక్టోరియా లైన్ తెరిచినప్పుడు ఫిన్స్‌బరీ పార్క్ లాంటి చోట్ల ఇందుకోసమే పాత లైన్లను కూడా అటూ ఇటూ మార్చారని చెప్పాడు. మా అమ్మ అడిగిన ప్రశ్నకు వాళ్ళు అంతకు ముందే జవాబు వెతికారన్నమాట.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. బాపు కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టర్. అమ్మ తమ్ముడు, అంటే మా మామ, ఆర్టీసీ డ్రైవర్. ఆదివారం మధ్యాహ్నం మామ వచ్చాడంటే కోడి కూర ఉడికేలోపు గొడవ మొదలయ్యేది. రైలు గొప్పదా, బస్సు గొప్పదా. "మీ బండి అవుటర్ సిగ్నల్ కాడ నిద్రపోతది బావా, లేపెటోడు లేడు" అని మామ. "మీ బస్సుకు టైరు పంచరైతే అందరు దిగి వేపచెట్టు కింద కూసుండుడే గద బామ్మర్దీ" అని బాపు. అమ్మ ఇద్దరికీ సమానంగా ముక్కలు వడ్డించేది. ఒకరు మొగుడు, ఒకరు తమ్ముడు, ఆమె మాత్రం ఏం చేస్తుంది.

బాపు గట్టిగా మాట్లాడితే మామ చివరికి ఒకే అస్త్రం తీసేవాడు. "అసలు మా బస్సు పుట్టిందే మీ రైలు కడుపుల. ఇగ కొట్లాటేంది?"

అది ఊరికే అన్న మాట కాదు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన కిందే ఒక రోడ్డు రవాణా విభాగం పెట్టింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. తెలంగాణ ఆర్టీసీ మూలం అదే. రైలు పట్టా ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి ఊళ్ళలోకి రైల్వే వాళ్ళ బస్సే పోయేది. ఒకే యజమాని, ఒకే ఇల్లు. తర్వాత పాళ్ళు పంచుకున్నారు. 1951లో నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసి ఢిల్లీ లెక్కలోకి పోయింది, బస్సులు రాష్ట్రానికి మిగిలాయి. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ అయ్యాయి, రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వాటా మళ్ళీ వేరు పడింది. అన్నదమ్ములు పాళ్ళు పంచుకుంటే ముందు చేసే పని వాకిట్లో గోడ కట్టడం. రైల్వే స్టేషన్‌కూ బస్టాండ్‌కూ నడుమ ఎక్కడ ప్రహరీ గోడ కనిపించినా నాకు ఆ వాకిలే గుర్తొస్తుంది.

మామ ఇంకో మాట కూడా చెప్పేవాడు. కొన్నాళ్ళు ఆయన జమ్మికుంట స్టేషన్ దగ్గరి నుంచి హుజూరాబాద్ వైపు బస్సు నడిపాడు. "ప్యాసింజర్ బండికి సిగ్నల్ పడ్డంకనే నేను ఇంజన్ స్టార్ట్ చేసేది. రైలు దిగినోళ్ళు వచ్చి కూసున్నంకనే కదిలేది. గడియారం నాకెందుకు, సిగ్నల్ కనబడుతది గద." ఇది ఏ రూల్ బుక్‌లోనూ ఉండదు. స్టేషన్ మాస్టర్‌కూ డ్రైవర్‌కూ ఒకే హోటల్లో చాయ్ ఖాతా ఉండటం వల్ల నడిచిన ఏర్పాటు.

ఇగ జర్మనీ సంగతి. మా అమ్మాయి కార్ల్స్‌రూ అనే ఊళ్ళో ఎమ్మెస్ చేస్తోంది. పోయిన ఎండాకాలం నేనూ మా ఆవిడా మూడు వారాలు పోయి ఉన్నాం. కోటలూ మ్యూజియాలూ చూపిస్తానని తను ప్లాన్ వేసుకుంది. నేను మాత్రం పొద్దుందాకా ట్రామ్ స్టాపులో కూర్చునేవాణ్ణి. "డాడీ, మీరు ఇక్కడికి వచ్చింది స్టాపు చూడ్డానికా?" అని విసుక్కునేది.

చూడాల్సినంత ఉంది మరి. తన గది దగ్గరి స్టాపు పొడుగాటి అరుగులా ఉంటుంది. మన ఊళ్ళో ఇంటి ముందు అరుగు ఉంటుంది చూడండి, దాదాపు అంతే ఎత్తు. దానికి ఒక పక్క ట్రామ్ ఆగుతుంది, రెండో పక్క బస్సు ఆగుతుంది. ట్రామ్ తలుపు తెరుచుకుంటే దాని నేల, అరుగు నేల సమానం. వాకర్ పట్టుకున్న ముసలమ్మ ఒకామె దిగింది. నాలుగు అడుగులు వేసింది. ఎదురుగా ఉన్న బస్సు ఎక్కింది. ఆ బస్సు నేల కూడా అరుగుతో దాదాపు సమానం. ఎవరూ ఆమె చేయి పట్టుకోలేదు, ఎవరూ ఆమెను చూడను కూడా చూడలేదు. నేను ఒక్కణ్ణే నోరు తెరుచుకుని చూశాను.

వెంటనే అమ్మకు వీడియో కాల్ చేశాను.

"మెట్లేవిరా?"

"లేవమ్మా."

"లేకుంటె ఎట్ల ఎక్కుతరు? ఫోను కిందికి తిప్పు."

తిప్పాను. చాలాసేపు చూసింది. "రైలు, బస్సు ఒక్క అరుగు మీదికి వస్తున్నయి. మీ బాపు, మీ మామ గిట్ల పక్కపక్కన కూసుంటె ఎంత బాగుండె" అంది. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు.

మన తెలుగువాళ్ళలో ట్రామ్ ఎక్కిన తరం దాదాపు అయిపోయింది. మద్రాసులో 1895 నుంచి 1953 దాకా కరెంటు ట్రాములు నడిచాయి. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన ఏడాదే అవీ ఆగిపోయాయి. హైదరాబాద్‌కు ట్రామ్ రానే లేదు. అందుకే ట్రామ్ అంటే రోడ్డు మీద నడిచే చిన్న రైలని మా ఆవిడకు చెప్పాల్సి వచ్చింది. "రోడ్డు మీద రైలా, ట్రాఫిక్ జామ్ అయితే?" అని అడిగింది. ముఖ్యమైన ప్రశ్నే. చాలా చోట్ల ట్రామ్‌కు వేరే దారి ఉంటుంది, కార్లు అందులోకి రావు. అదే దారిలో బస్సుల్ని కూడా నడిపిస్తే, ఒకే స్టాపు ఇద్దరికీ సరిపోతుంది. ఓబర్‌హౌజెన్ అనే ఊళ్ళో 1996లో ట్రామ్‌ను మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అట్లాగే చేశారు. పట్టాలు రోడ్డులోనే పొదిగి ఉంటాయి, ట్రామ్ పోయాక వెనకే బస్సు వచ్చి అదే చోట ఆగుతుంది. ఎక్కేవాడికి ప్లాట్‌ఫారం నంబరు వెతికే పని లేదు. ఏది ముందొస్తే అది.

కార్ల్స్‌రూ వాళ్ళు అంతటితో ఆగలేదు. అసలు బండి మారడమే లేకుండా చేశారు. 1992లో ఊరి ట్రామ్‌ను తీసుకెళ్ళి పెద్ద రైల్వే పట్టాల మీదికి ఎక్కించి బ్రెట్టెన్ అనే పక్క ఊరిదాకా నడిపారు. మేమూ అందులో పోయాం. ఊరి నడుమ బజారు కింద ఎక్కాం (అక్కడ 2021 చివర్లో సొరంగం తెరిచారు), తర్వాత బండి పైకొచ్చి రోడ్డు వెంట నడిచింది, ఊరు దాటాక అసలు రైలు లైన్‌లో కలిసింది. ట్రామ్ లైన్‌లో 750 వోల్టుల డీసీ కరెంటు, రైల్వే లైన్‌లో 15,000 వోల్టుల ఏసీ. రెండు కరెంట్ల మీదా పనిచేసే బండ్లు తయారు చేయించారు. మారే చోట ఒక్క క్షణం ఫ్యాను చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లలోంచి తలెత్తలేదు. బాపు ఉంటే కిటికీలోంచి తల బయటపెట్టి పైన తీగె చూసేవాడు. ఆ రాత్రంతా మమ్మల్ని నిద్రపోనిచ్చేవాడు కాదు, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ పెట్టారని అడుగుతూ.

టికెట్ సంగతి ఒక్క మాటలో చెబుతా. ఒకే నెల టికెట్, అప్పుడు 58 యూరోలు. దేశం మొత్తం మీద ట్రామ్, బస్సు, ఊళ్ళకు పోయే మామూలు రైళ్ళు అన్నింట్లోకీ అదే. పెద్ద ఎక్స్‌ప్రెస్‌లకు చెల్లదు.

తిరిగొచ్చాక అందరూ అడిగేది ఒకటే, మన దగ్గర సాధ్యమా అని. "ఆ ట్రాములు, అవన్నీ మనకెందుకు" అనేవాళ్ళున్నారు. నాకూ వరంగల్‌లో ట్రామ్ కావాలని లేదు. హనుమకొండ చౌరస్తాలో మంగళవారం సాయంత్రం స్కూటర్ పోవడానికే చోటు లేదు. నాకు కావాల్సింది ఆ అరుగు.

అరుగు ఎత్తు గురించి చాలామంది ఒక పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. మన రైల్వే ఎత్తు ప్లాట్‌ఫారం పట్టా మీది నుంచి 76 నుంచి 84 సెంటీమీటర్లు ఉంటుంది. లో ఫ్లోర్ బస్సుకు దాదాపు ఒక అడుగు ఎత్తు చాలు. మరి రెండూ ఒకే ప్లాట్‌ఫారానికి ఎట్లా వస్తాయి? చాలా రోజులు ఇక్కడే ఆగిపోయాను. ఒక సివిల్ ఇంజనీరు స్నేహితుడు చాయ్ తాగుతూ అర నిమిషంలో తేల్చేశాడు. ఎత్తును నేల నుంచి కొలవొద్దు, బండి చక్రం కింది నుంచి కొలవాలి అన్నాడు. అంటే ప్లాట్‌ఫారానికి ఒక పక్క రైలు పట్టా ఉంటే, రెండో పక్క బస్సు రోడ్డును మూరెడు పైకి లేపి వేయాలి. మూరెడంటే మూరెడే, లెక్క సరిగ్గా సరిపోతుంది. మట్టి పోసి రోడ్డు లేపడం మనకు రాని విద్యా? మన కాలనీల్లో రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఇళ్ళు గుంటలో పడ్డాయి కూడా.

అయితే నిజాయితీగా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మన రైలు బోగీ నేల ప్లాట్‌ఫారం కంటే ఇంకా ఎత్తులో ఉంటుంది, ఆ మెట్టు మిగులుతుంది. మన పల్లెవెలుగు బస్సుకైతే తలుపులోనే మెట్లున్నాయి. కాబట్టి వాకర్‌తో నడిచే ఆ జర్మనీ ముసలమ్మలా మా అమ్మకు నాలుగు అడుగుల్లో బండి మారడం కుదరదు. కానీ ఎనభై ఎనిమిది మెట్లు, అంటే నలభై నాలుగు ఎక్కి నలభై నాలుగు దిగేది, ఐదారు మెట్లకు వస్తాయి. ఆమె లెక్కలో అది చాలా పెద్ద తేడా.

రైలు నుంచి రైలుకు మారడంలో ఇంకో చిక్కుంది. ఒక ప్లాట్‌ఫారానికి రెండే అంచులు. ముందుకు పోయేవాళ్ళకు అనుకూలంగా కడితే, మలుపు తిరిగి వెనక్కి పోయేవాళ్ళకు వంతెన తప్పదు. హాంకాంగ్ మెట్రోలో దీనికి ఒక ఉపాయం చేశారు. మాంగ్‌కాక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ అని పక్కపక్కనే రెండు స్టేషన్లు. ఒక స్టేషన్‌లో ముందుకు పోయే జోడీ ఎదురెదురుగా ఆగుతుంది, తర్వాతి స్టేషన్‌లో తిరిగి పోయే జోడీ. మీరు ఎటు పోవాలో దాన్ని బట్టి ఎక్కడ దిగాలో చూసుకుంటే చాలు, ఎక్కడా మెట్లు రావు. అది చదివిన రోజు నేను కాగితం మీద కాజీపేట, వరంగల్ గీసుకున్నాను. పది కిలోమీటర్ల దూరంలో రెండు పెద్ద స్టేషన్లు. 1929లో బల్లార్షా లైన్ పూర్తయ్యాక సికింద్రాబాద్, ఢిల్లీ, విజయవాడ దారులు మూడూ ఇక్కడే కలుస్తున్నాయి. మంచిర్యాల నుంచి సికింద్రాబాద్ పోయేవాళ్ళకు కాజీపేట, మంచిర్యాల నుంచి మానుకోట పోయేవాళ్ళకు వరంగల్. దేవుడు మనకు రెండు స్టేషన్లు ఇచ్చాడు గదా అనిపించింది. మెట్రోలో రెండు నిమిషాలకొక బండి, ఇక్కడ గూడ్సు బండ్లు, ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ కలిసి ఒకే పట్టాల మీద. అంత తేలిక కాదని తెలుసు. గీసుకోవడానికి డబ్బులు కట్టక్కర్లేదు కాబట్టి గీసుకున్నాను.

కనీసం రోజూ ఎక్కువమంది మారే రెండు మూడు జోడీ బండ్లనైనా ఒకే ప్లాట్‌ఫారానికి అటూ ఇటూ తీసుకుని, ఆ నంబర్లను మార్చకుండా ఉంచితే సిమెంటు సంచి కూడా అక్కర్లేదు.

టైము కలవకపోతే మాత్రం ఎంత మంచి ప్లాట్‌ఫారమైనా దండగే. స్విట్జర్లాండ్ వాళ్ళ పద్ధతి మా మామ పద్ధతే, కాకపోతే వాళ్ళు దాన్ని దేశమంతా రాసుకున్నారు. 1982 నుంచి అక్కడ రైళ్ళు ప్రతి గంటా అదే నిమిషానికి వస్తాయి. పెద్ద స్టేషన్లలో గంట కొట్టే ముందు అన్ని వైపుల నుంచీ బండ్లు వచ్చి చేరతాయి, జనం మారతారు, గంట దాటగానే అన్నీ బయలుదేరతాయి. బయట బస్సులూ ఆ లెక్కనే. ఆ లెక్క కుదరాలంటే రెండు పెద్ద స్టేషన్ల మధ్య ప్రయాణం గంటలోపు ఉండాలి. జ్యూరిక్, బెర్న్ మధ్య అందుకే కొత్త లైన్ వేసి, 2004 చివరి నుంచి 56 నిమిషాలకు తెచ్చారు. ఇంకా స్పీడుగా పోయి లాభం లేదు, ముందే పోయి ప్లాట్‌ఫారం మీద నిలబడాల్సిందే. మనం ఎప్పుడూ బండి స్పీడు గురించే మాట్లాడుకుంటాం. దిగాక ఆటో కోసం నిలబడే అరగంట ఎవరి లెక్కలోకీ రాదు.

అమ్మ లెక్కలోకి వస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ. "బస్సు సున్నా. రైలుకు ఏదో కొంత. ఈ నడుమ ఆటోకు నూట యాభై" అని వేళ్ళు మడిచి చూపిస్తుంది. రాత్రి పది దాటాక కాజీపేట స్టేషన్ నుంచి మా ఇంటికి అదీ రేటు. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కి దిగితే అయిపోయే దూరానికి, మంచిర్యాల నుంచి జనరల్ బోగీలో రావడం కంటే ఎక్కువ. ఆటోవాళ్ళను తిట్టను, వాళ్ళకూ రాత్రంతా కాచుకున్నందుకు ఏదో మిగలాలి గదా. బస్సు ఎక్కడో ఆగితే, అక్కడికి పోయే ఓపిక లేనివాళ్ళే ఆటోకు ఎక్కువ ఇస్తారు. మోకాళ్ళు బాగున్నవాళ్ళు సంచి భుజాన వేసుకుని రోడ్డుదాకా నడిచిపోతారు.

మన దగ్గర ఈ ఆలోచన అసలు లేదనలేం. ఒకసారి మాల వేసుకుని శబరిమల పోయి వస్తూ కొచ్చిలో ఆగాం. అక్కడ వైటిలలో 2011లోనే మొబిలిటీ హబ్ కట్టారు. బస్సులు, పక్కనే మెట్రో, అటు వెనక నీళ్ళలో పడవ. 2023లో వాటర్ మెట్రో పడవలు మొదలైనప్పుడు కాక్కనాడ్‌కు అక్కడి నుంచే వేశారు. బస్సు దిగి పడవ ఎక్కిన మా గురుస్వామి కాసేపు శరణుఘోష కూడా మరిచిపోయాడు.

మనకు దగ్గరిది ఉప్పల్. హనుమకొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సులో సగం మంది ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గరే లేచి నిలబడతారు, మెట్రో కోసం. అక్కడ 2023లో స్కైవాక్ తెరిచారు, లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి. అంతకు ముందు ఆ జంక్షన్‌లో రోడ్డు దాటడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే, కాబట్టి మంచి పనే. కానీ అక్కడా మళ్ళీ మనిషినే పైకెక్కించి దించుతున్నాం. రోడ్డు మీద కార్లు మాత్రం సాఫీగా నేల మీదే పోతున్నాయి. మోకాళ్ళ నొప్పి కార్లకు లేదు గదా, అవి పైనుంచి పోవచ్చు అంటుంది అమ్మ.

ఇప్పుడు వరంగల్ స్టేషన్ చూడండి. స్టేషన్ బయటికొస్తే ఎదురుగానే బస్టాండ్, నడుమ రోడ్డు. ఇట్లాంటి అదృష్టం ఎన్ని ఊళ్ళకుంటుంది? స్టేషన్‌ను బాగుచేసి 2025 మేలో బేగంపేట, కరీంనగర్ స్టేషన్లతో పాటు తెరిచారు. ఇటు పాత బస్టాండ్‌ను కూల్చి పెద్దది కట్టాలని పని పెట్టుకున్నారు. రెండూ దాదాపు ఒకే కాలంలో. అప్పుడు ఎవరైనా ఇద్దరు ఆఫీసర్లు ఒక బల్ల దగ్గర కూర్చుని, బస్సుల్లో కొన్నింటినైనా రోడ్డు ఇవతలకు, ఒకటో ప్లాట్‌ఫారం గోడ పక్కకు తెద్దామా అని మాట్లాడుకున్నా బాగుండేది అనిపిస్తుంది. గోడలో ఒక గేటు, గేటు అవతల అరుగు, అరుగుకు ఆనుకుని హనుమకొండ బస్సు. ఎంజీఎం ఆసుపత్రికి పొద్దున్నే రైల్లో వచ్చేవాళ్ళలో సగం మందికి ఆ ఒక్క బస్సే చాలు. వాళ్ళలో చాలామందికి మా అమ్మ మోకాళ్ళ కంటే పెద్ద జబ్బులుంటాయి.

చేతకాదని అనకండి. రెండేళ్ళకోసారి మేడారం జాతర వస్తుంది. మొన్న జనవరి ఆఖరులో కూడా చూశాం. ప్రత్యేక రైళ్ళు వేస్తారు, దిగినవాళ్ళకు బస్సులు సిద్ధంగా ఉంటాయి. మేడారంలో పంట పొలాల మధ్య తాత్కాలిక బస్టాండ్ లేస్తుంది, క్యూలైన్లు, దారి చూపే మనుషులు, మైకులు. నాలుగు రోజులు రైలూ బస్సూ మళ్ళీ ఒకే ఇంటివాళ్ళలా ఉంటాయి. బెల్లం ఎత్తుకుని వచ్చిన ముసలివాళ్ళు వాటి నడుమ మారిపోతారు. ఐదో రోజు కర్రలు పీకేస్తారు.

వచ్చే నెల మానుకోటలో పెద్దమ్మ మనవడి పెళ్ళి. అమ్మ ఇప్పుడు అక్క దగ్గరుంది. మంచిర్యాల నుంచి రైల్లో వరంగల్ దాకా వచ్చి, ఎదురుగా బస్సెక్కి పోదామని ప్లాన్. నేను స్టేషన్‌కు వెళ్ళి కలుస్తానని చెప్పాను. నిన్న రాత్రి ఫోన్ చేసింది.

"వంతెన ఎక్కకుండ బస్టాండ్ దిక్కు రావాలంటె ఎన్నో నంబరు మీద దిగాలె?"

"ఒకటో నంబరు మీద అమ్మా."

"మరి ఒకటో నంబరు మీద ఆగే బండికే టికెట్ తియ్యి."